సంస్కరణ యుగమున ఇంగ్లండులో నూతన విశ్వవిద్యాలయములు

అన్ని దానములలోను విద్యాదానము గొప్పదని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. కాని ఆ దానము పుచ్చుకొనుటకు ఎవరు అర్హులు, ఎవరు కారు అను ప్రశ్న ప్రతి దేశమునందును తలయెత్తుచునే యున్నది. మన దేశమున ఈ ప్రశ్న కులము పేరను, స్త్రీపురుష భేదము పేరను వచ్చినది. ఇంగ్లండున మొదట మతము పేరను, ధనము పేరను వచ్చి, పిదప స్త్రీల విషయమున వచ్చినది. 19వ శతాబ్దమున ఆ దేశీయులు తమలో తాము పోరాడి ఈ ప్రశ్నకు చెప్పుకొన్న సమాధానమే అచ్చటి నూతన విశ్వవిద్యాలయముల చరిత్ర.

రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రామ గ్రంథాలయమునకును, ఎక్కడనో లండనులో జరిగిన ఆ చరిత్రకును సంబంధమేమని పాఠక మహాశయులు అడుగవచ్చును. సంబంధము కలదు. మన తాతముత్తాతలు వ్రాసిన మెట్రిక్యులేషను పరీక్షయు, బి. ఏ. పరీక్షయు ఆ చరిత్రనుండి మనకు సంక్రమించినవే. అంతకంటె దగ్గరి సంబంధము మరియొకటి కలదు. దానిని వ్యాసాంతమున మనవి చేసెదను.

రెండే విద్యాపీఠములు

1825వ సంవత్సరము నాటికి ఇంగ్లండులో విశ్వవిద్యాలయములు రెండే యుండెను. ఒకటి ఆక్స్‌ఫర్డు, రెండవది కేంబ్రిడ్జి. రెండును ఆరువందల సంవత్సరముల నాటివి. పొరుగున నున్న స్కాట్లండు చిన్న దేశమైనను, అచ్చట సెయింట్ ఆండ్రూస్, గ్లాస్గో, అబర్డీను, ఎడింబరో పట్టణములలో విశ్వవిద్యాలయములు పనిచేయుచుండెను. పది లక్షలకు మించిన జనముతో కిటకిటలాడుచున్న లండను మహానగరమున మాత్రము ఒక్కటియు లేకుండెను.

ఇది యాదృచ్ఛికముగా జరిగినది కాదు. 14వ శతాబ్దమున ఆక్స్‌ఫర్డునుండి కొందరు అధ్యాపకులును విద్యార్థులును వేరుపడి స్టాంఫర్డు అను ఊరిలో విద్యాస్థానము నెలకొల్పబూనిరి. రాజాజ్ఞచే ఆ ప్రయత్నము అణచివేయబడెను. అంతటితో ఆగక, స్టాంఫర్డులో పాఠము చెప్పబోమని ఆక్స్‌ఫర్డు పట్టభద్రులచేత ప్రమాణము చేయించు ఆచారము ఏర్పడెను. ఆ ప్రమాణము 1827 వరకు అమలులో నుండెను! 1657లో క్రామ్‌వెల్ ఉత్తర ఇంగ్లండులోని డర్హము పట్టణమున ఒక కళాశాలను స్థాపింపగా, దానికి విశ్వవిద్యాలయ హోదా రాకుండ ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలు అడ్డుపడినవి. 1660లో రాజరికము తిరిగివచ్చుటతో ఆ కళాశాలయే అంతరించెను. పట్టమిచ్చు అధికారము తమ రెంటికే చెందవలెనని ఆ విద్యాపీఠములు ఎంత జాగరూకతతో కావలి కాచినవో దీనివలన గ్రహింపవచ్చును.

ఇక ఆ రెండు తలుపులును అందరికి తెరచి యుండెనా? లేదు. ఆక్స్‌ఫర్డులో చేరునాడే విద్యార్థి ఆంగ్లికను చర్చి వారి 39 మత సూత్రములకు సమ్మతించుచు సంతకము చేయవలెను. కేంబ్రిడ్జిలో చేరి చదువుకొనవచ్చును గాని, పట్టము పుచ్చుకొనవలెనన్నచో తాను ఆంగ్లికను చర్చికి చెందినవాడనని ఒప్పుకొనవలెను. కావున రోమను కాథలిక్కులకును, యూదులకును, ఆ చర్చికి వెలుపల నున్న బాప్టిస్టు, క్వేకరు మున్నగు ప్రొటెస్టెంటు శాఖలవారికిని స్వదేశముననే పట్టభద్రులగు మార్గము లేకుండెను. ఈ ప్రొటెస్టెంటులను డిసెంటర్లనెడివారు. వర్తకమునందును, పరిశ్రమలయందును పేరుపొందిన కుటుంబములు అనేకము వీరిలో నుండెను.

ఒక్క ఉదాహరణము చాలును. జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టరు అను యూదు యువకుడు కేంబ్రిడ్జిలో గణితము చదివి, 1837లో కడపటి పరీక్షయందు ద్వితీయ స్థానము సంపాదించెను. అంతటి మేధావికి పట్టము మాత్రము ఈయబడలేదు. అతని గణితమున లోపమేమియు లేదు. లోపమెల్ల అతడు పుట్టిన మతములో నుండెనని ఆనాటి నిబంధన చెప్పినది. కేంబ్రిడ్జి తన పట్టమును అతనికి 1872లో, అనగా 35 సంవత్సరముల పిదప ఇచ్చెను. అప్పటికే అతడు జగత్ప్రసిద్ధుడైన గణితవేత్త.

మత నిబంధనకు తోడు వ్యయ భారమొకటి. విద్యార్థులు కళాశాలలలోనే వసింపవలెను. ఆ వసతికిని, భోజనమునకును, ఆర్భాటములకును అగు వ్యయమును సామాన్య కుటుంబములు భరింపజాలకుండెను. న్యూటను వంటి మహామహులను కన్న విద్యాపీఠములే అవి. వాని గొప్పతనమును ఎవరును కాదనరు. కాని ఆవిరియంత్రములతోను, నూలుమిల్లులతోను దేశము మారిపోవుచుండగా, ఆ విద్యాపీఠములు గ్రీకు, లాటిను భాషలను, గణితమును, వేదాంతమును పట్టుకొని, మతాచార్యులను తయారుచేయుటయే ప్రధాన కార్యముగా నెంచుకొని యుండెను.

ఒక కవి లేఖ

మార్పు మొదట విశ్వవిద్యాలయములలో పుట్టలేదు. పనివాండ్ర సభలలో పుట్టినది. జార్జి బర్క్‌బెక్ అను వైద్యుడు 1823లో లండనున పనివాండ్ర విద్యాసంఘమును స్థాపించెను. పగలెల్ల పనిచేసిన కార్మికులు సాయంకాలము వచ్చి యంత్రశాస్త్రమును గూర్చి ఉపన్యాసములు విను చోటు అది. ఇట్టి సంఘములు ఇతర పట్టణములకును వ్యాపించి, వానికి అనుబంధముగా పఠన మందిరములు వెలసినవి. ఈ ఉద్యమమునకు అండగా నిలిచినవారిలో ముఖ్యుడు హెన్రీ బ్రూమ్ అను న్యాయవాది. అతడు ఎడింబరోలో చదివినవాడు; పార్లమెంటు సభ్యుడు; బానిస వ్యాపారమును ఖండించినవాడు.

1825 ఫిబ్రవరి 9వ తేదీన టైమ్స్ పత్రికలో థామస్ కాంబెల్ అను స్కాట్లండు కవి వ్రాసిన బహిరంగ లేఖ ప్రకటింపబడెను. ఆ లేఖ బ్రూమునకు సంబోధింపబడినది. లండనులో మధ్యతరగతివారి బిడ్డల కొరకు ఒక గొప్ప విశ్వవిద్యాలయము కావలెనని కవి అందులో కోరెను. అతడు జర్మనీ దేశమున సంచరించి, బాన్ నగర విశ్వవిద్యాలయమును చూచి వచ్చినవాడు.

ఏడాది తిరిగినది. 1826 ఫిబ్రవరి 11వ తేదీన ‘లండన్ విశ్వవిద్యాలయము’ అను పేర సంస్థ ఏర్పడెను. దీనికి రాజుగారి దానము లేదు. చర్చి మాన్యము లేదు. రైలు కంపెనీకి వలెనే, కాలువల కంపెనీకి వలెనే, వాటాలు విక్రయించి మూలధనమును కూర్చిరి. ఒక్కొక్క వాటా 100 పౌనులు. స్థాపకులలో కాథలిక్కగు నార్ఫోకు ప్రభువుండెను. యూదుడగు ఐజాక్ లయన్ గోల్డ్‌స్మిడ్ ఉండెను. బానిసత్వ నిర్మూలనమునకై పాటుపడిన జకరీ మెకాలే ఉండెను. హిందూదేశ చరిత్రను వ్రాసిన జేమ్స్ మిల్ ఉండెను. పైన చెప్పిన బర్క్‌బెక్ వైద్యుడు నుండెను. వేర్వేరు మతములవారు ఒక్క చాపపై కూర్చుండి విద్యాలయము నిర్మించుట ఆ దేశమున అదివరకు ఎరుగని వింత.

గోవరు వీథిలోని ఖాళీ స్థలమున 1827లో శంకుస్థాపన జరిగెను. 1828 అక్టోబరులో తరగతులు ప్రారంభమయ్యెను. చేరునప్పుడు మతమేమని అడుగువారు లేరు. విద్యార్థులు తమ ఇండ్లనుండి వచ్చి పాఠములు విని పోవచ్చును గావున వ్యయమును తక్కువ. అన్ని మతములవారికి సమ్మతమగు మతబోధ అసాధ్యము గనుక, మతబోధయే వలదని స్థాపకులు నిశ్చయించిరి. దీనిపై పెద్ద కలకలము లేచెను. ‘గోవరు వీథిలోని దేవుడు లేని సంస్థ’ అని కొందరు నిందించిరి. లండను సామాన్య జనులను పరిహసించు మాటను తగిలించి ‘కాక్నీ కళాశాల’ అని పత్రికలు ఎగతాళి చేసినవి. అల్పజనులకు ఉన్నత విద్య యేల అనునదే ఆ ఎగతాళిలోని సారాంశము. ఇట్టి మాట మన దేశమునకును క్రొత్త కాదు.

అచ్చట బోధించిన విషయములను చూచినచో ఆ సంస్థ నూతనత్వము తెలియును. ఇంగ్లీషు భాషాసాహిత్యములకు ఇంగ్లండులో మొట్టమొదటి ఆచార్యపీఠము ఇచ్చటనే ఏర్పడినది. అర్థశాస్త్రము, న్యాయశాస్త్రము, రసాయనము, వైద్యము, ఆధునిక యూరపు భాషలు క్రమముగా బోధింపబడినవి. మనము విశేషముగా తలచుకొనవలసిన ఆచార్యులు ఇద్దరు. మొదటివాడు అగస్టస్ డి మోర్గాన్. ఇతడు 1806లో మన దక్షిణదేశపు మధురలో జన్మించినవాడు. కేంబ్రిడ్జిలో చదివి, మత నిబంధనకు లోబడనొల్లక ఎం. ఏ. పట్టమును కాదనుకొని, 21 సంవత్సరముల వయసున లండనులో గణితాచార్యుడయ్యెను. పైన పేర్కొన్న సిల్వెస్టరు బాల్యమున కొంతకాలము ఇతని శిష్యుడే. ఢిల్లీ నగరమునందలి రామచంద్ర అను గణితవేత్త వ్రాసిన గ్రంథమును 1859లో లండనులో తన పీఠికతో ప్రకటింపజేసినవాడును ఈ డి మోర్గానే. రెండవవాడు ఫ్రెడరిక్ రోజెన్ అను జర్మను పండితుడు. ఇతడు ప్రాచ్యభాషల ఆచార్యుడు. ఋగ్వేద సంహితను పరిష్కరించి అచ్చువేయ బూని, 1837లో పిన్న వయసుననే మరణించెను. అతడు సిద్ధపరచిన ప్రథమ భాగము మరుసటి ఏట వెలువడెను.

పోటీ కళాశాల - ఒక ద్వంద్వయుద్ధము

విద్యలో మతమునకు చోటు లేకపోవుట చర్చి పక్షమువారికి కంటకమయ్యెను. లండనులోనే తమ పక్షమున మరియొక కళాశాలను స్థాపింప సంకల్పించి, ప్రధానమంత్రి వెల్లింగ్టన్ ప్రభువును ముందు నిలిపి చందాలు పోగుచేసిరి. 1829లో నాల్గవ జార్జి రాజు చార్టరు, అనగా రాజ శాసన పత్రము, ప్రసాదింపగా కింగ్స్ కళాశాల ఏర్పడెను. 1831లో తరగతులు ప్రారంభమయ్యెను.

ఈ మధ్య ఒక విచిత్ర ఘటన జరిగెను. వెల్లింగ్టన్ ప్రభుత్వము కాథలిక్కులకు పార్లమెంటున ప్రవేశించు హక్కు నిచ్చు శాసనమును 1829లో తెచ్చెను. కింగ్స్ కళాశాలకు చందా వేసిన వించెల్సీ ప్రభువు దీనికి మండిపడి, కళాశాలను ముసుగుగా పెట్టుకొని ప్రధానమంత్రి పోపు మతమును దేశమున చొప్పించుచున్నాడని పత్రికకెక్కెను. వెల్లింగ్టన్ క్షమాపణ కోరెను, అవతలివాడు ఈయలేదు. 1829 మార్చి 21వ తేదీన బాటర్సీ మైదానమున ఇద్దరును పిస్తోళ్లతో ఎదురెదురుగా నిలిచిరి. వెల్లింగ్టన్ గుండు ప్రక్కగా పోయెను. వించెల్సీ ఆకాశమువంక కాల్చి, పిదప క్షమాపణ పత్రము నిచ్చెను. ఎవరికిని గాయము తగులలేదు. ఒక దేశ ప్రధానమంత్రి పిస్తోలు పట్టుకొన్న ఈ కలహమునకు ఒక కళాశాల నిమిత్తమగుట చూచినచో, విద్య ఎవరి చేతిలో నుండవలెనను ప్రశ్న ఆనాడు ఎంత తీవ్రముగా నుండెనో స్పష్టమగును.

డర్హము - భయమునుండి పుట్టిన మేలు

అప్పటికి దేశమంతట సంస్కరణ గాలి వీచుచుండెను. డిసెంటర్లను ప్రభుత్వోద్యోగములనుండి దూరముగా నుంచిన శాసనములు 1828లో రద్దయినవి. ఓటు హక్కును విస్తరింపజేయు సంస్కరణ బిల్లు 1831 అక్టోబరులో ప్రభువుల సభలో 41 ఓట్ల తేడాతో ఓడిపోయెను. దానికి వ్యతిరేకముగా ఓటువేసిన బిషప్పులు 21 మంది. వారు అటు గాక ఇటు వేసియున్నచో బిల్లు నెగ్గియుండెడిది. ప్రజలు ఆగ్రహించిరి. బ్రిస్టలులో బిషప్పు గారి భవనము దగ్ధమయ్యెను. చర్చి ఆస్తులకు ఇక రక్ష లేదను భయము మతాధికారులను ఆవరించెను.

డర్హము పీఠము ఇంగ్లండులో మిక్కిలి సంపన్నమైన వానిలో ఒకటి. ప్రభుత్వము ఆ సంపదను స్వాధీనము చేసికొనక ముందే, అందు కొంత భాగమును విద్యకు వినియోగించుట మేలని అచ్చటి మతాధికారులు తలచిరి. బిషప్పు విలియం వాన్ మిల్డర్టు ముందుకు వచ్చెను. 1832లో సంస్కరణ బిల్లు శాసనమైన కొలది వారములకే, జూలై 4వ తేదీన, డర్హము విశ్వవిద్యాలయ శాసనమునకు రాజామోదము లభించెను. 1833లో విద్యార్థులు చేరిరి; 1837లో చార్టరు వచ్చెను. బిషప్పుల నివాసమగు ప్రాచీన దుర్గమే విద్యార్థుల వసతి గృహమయ్యెను. 175 సంవత్సరములకు ముందు క్రామ్‌వెల్ తలపెట్టి విఫలుడైన కార్యము ఈ విధముగా ఫలించెను.

డర్హము చర్చి పక్షపు విశ్వవిద్యాలయము. చేరుటకు మత నిబంధన లేకున్నను, పట్టము పుచ్చుకొనుటకు మాత్రము ఉండెను. అయినను అదియు క్రొత్త దారులు త్రొక్కకపోలేదు. బొగ్గు గనులకును, రైలు మార్గములకును ఆటపట్టగు ఆ ప్రాంతమునకు తగినట్లు, 1838 నాటికే ఇంజనీరింగు తరగతి నడిపెను. 1846లో ప్రారంభమైన హాట్‌ఫీల్డు వసతి గృహమున గదులను సామానుతోనే అద్దెకిచ్చి, అందరికి ఒకే చోట భోజనము పెట్టి, పేద విద్యార్థుల వ్యయమును తగ్గించిరి. భయమునుండి పుట్టినను మేలు మేలే కదా!

1836 నాటి రాజీ

మరల లండనునకు వత్తము. గోవరు వీథి సంస్థకు పేరులో విశ్వవిద్యాలయమున్నను, చేతిలో పట్టమిచ్చు అధికారము లేదు. చార్టరు కావలెనని అడిగినప్పుడెల్ల ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలు అడ్డుతగిలినవి. దేవుని పేరెత్తని సంస్థ ఇచ్చు పట్టమును తమ పట్టముతో సమానముగా నెంచుట ఎట్లని వారి వాదము. పోనీ, ఆ రెండింటి తలుపులనే డిసెంటర్లకు తెరువుడని 1834లో కామన్సు సభ ఒక బిల్లు నెగ్గింపగా, ప్రభువుల సభ దానిని త్రోసివేసెను. అనగా, లోనికి రానీయరు, వెలుపల కట్టుకొననీయరు.

ఈ చిక్కుముడిని ప్రభుత్వము ఒక ఉపాయముచేత విప్పెను. పాఠము చెప్పు పనిని, పట్టమిచ్చు అధికారమును రెండుగా విడదీసెను. 1836 నవంబరు 28వ తేదీన రెండు చార్టరులు వెలువడినవి. మొదటి దానిచేత గోవరు వీథి సంస్థ తన పాత పేరు వదలుకొని ‘యూనివర్సిటీ కళాశాల’ అయ్యెను. రెండవ దానిచేత ‘లండన్ విశ్వవిద్యాలయము’ అను ఒక క్రొత్త సంస్థ ఏర్పడెను. దీనికి విద్యార్థులు లేరు, తరగతులు లేవు, ఉపన్యాసములు లేవు. ఉన్నది పరీక్షాధికారుల సభ మాత్రమే. దేవుని స్మరించు కింగ్స్ కళాశాలవారును, స్మరింపని యూనివర్సిటీ కళాశాలవారును ఒకే పరీక్ష వ్రాసి, ఒకే పట్టము పొందవచ్చును. పరీక్షలో మతము ప్రసక్తి లేదు. ప్రశ్నపత్రము అభ్యర్థి పేరునైనను, పుట్టుకనైనను అడుగదు. తెలిసినదేమో అంత మాత్రమే అడుగును.

ఆ విశ్వవిద్యాలయములో ప్రవేశమునకు పెట్టిన తొలి పరీక్షయే మెట్రిక్యులేషను. తొలి పట్టములు 1839లో ఇయ్యబడినవి.

తలుపు మరింత తెరచుకొనుట

రాజీ కొరకు పుట్టిన ఈ పరీక్షల సంస్థ, తన్ను పుట్టించినవారు ఊహింపని దూరము నడచినది. 1858 చార్టరు ప్రకారము, వైద్యశాస్త్రము తప్ప తక్కిన పట్టములకు ఏ కళాశాలలో చదివితివని అడుగుట మానివేసిరి. పల్లెటూరి బడిలో పాఠములు చెప్పుకొనుచు రాత్రులందు స్వయముగా చదువుకొనువాడును, కార్ఖానాలో లెక్కలు వ్రాయువాడును రుసుము చెల్లించి పరీక్షకు కూర్చుండవచ్చును. మాంచెస్టరున 1851లో వెలసిన ఓవెన్సు కళాశాల వంటి ప్రాంతీయ కళాశాలలు ఈ పరీక్షల నీడనే పెరిగి, కాలక్రమమున స్వతంత్ర విశ్వవిద్యాలయములైనవి. నాటింగాము, సౌతాంప్టను, లీస్టరు పట్టణముల కళాశాలలు 20వ శతాబ్ద మధ్యము వరకు లండను పట్టములకే విద్యార్థులను పంపుచుండెను. దక్షిణాఫ్రికాలో నెల్సను మండేలా రాబెన్ ద్వీపపు చెరసాలలో నుండియు లండను న్యాయశాస్త్ర పట్టము కొరకు చదువు సాగించెను. చెరసాల గోడలు కూడ ఆ తలుపును మూయజాలకపోయినవి.

1878లో మరియొక గొప్ప మార్పు. లండన్ విశ్వవిద్యాలయము తన పట్టములన్నిటికిని స్త్రీలను అర్హులుగా నంగీకరించెను. బ్రిటనులో ఇట్లు చేసిన విశ్వవిద్యాలయము ఇదియే మొదటిది. 1880లో నలుగురు స్త్రీలు బి. ఏ. పట్టభద్రులైరి. ఆక్స్‌ఫర్డు స్త్రీలకు పట్టములిచ్చినది 1920లో. కేంబ్రిడ్జి ఇచ్చినది 1948లో. మత నిబంధనలు ఆ రెండు ప్రాచీన విద్యాపీఠములలో 1854, 1856 శాసనములచే సడలి, 1871 శాసనముచే చాలవరకు తొలగినవి. క్రొత్తవి పుట్టకయున్నచో ప్రాతవి మారియుండెడివా అనునది ఆలోచింపదగిన విషయము.

అయితే ఒకసారి తెరచిన తలుపు తనంత తానే తెరచియుండదు. యూనివర్సిటీ కళాశాలలో 1866లో తర్కశాస్త్ర పీఠము ఖాళీ కాగా, జేమ్స్ మార్టినో అను పండితుడు ఒక మతశాఖకు ప్రముఖ బోధకుడను కారణమున పాలకవర్గము అతనిని నియమింప నిరాకరించెను. మత విషయమున తటస్థతయే పునాదిగా వెలసిన సంస్థ ఆ పునాదిని విడనాడినదని చెప్పి, డి మోర్గాను తన ఆచార్య పదవికి రాజీనామా నిచ్చెను. మతమున్నవానిని ఆ కారణముచే త్రోసివేయుటయు, మతము లేనివానిని త్రోసివేయుటయు ఒకే దోషమని అతని అభిప్రాయము.

మన దేశమునకు వచ్చిన వారసత్వము

ఈ కథ సముద్రము దాటి మన యింటికి వచ్చినది. 1854లో సర్ చార్లెస్ వుడ్ పంపిన విద్యా ఉత్తరువున లండన్ విశ్వవిద్యాలయమును మాదిరిగా గైకొని హిందూదేశమున విశ్వవిద్యాలయములు స్థాపింపవలెనని సూచింపబడెను. దేశమంతట తిరుగుబాటు మంటలు లేచిన 1857వ సంవత్సరముననే కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు ఏర్పడెను. ఈ మూడును మొదట పరీక్షలు పెట్టు సంస్థలే. రాజమహేంద్రవరముననో, బందరుననో చదివిన తెలుగు విద్యార్థికి పాఠము చెప్పినది అక్కడి కళాశాల, పట్టమిచ్చినది మద్రాసు.

ఈ వారసత్వమున మేలును కలదు, కీడును కలదు. ప్రశ్నపత్రము కులమడుగలేదు. 1883లో కాదంబిని గంగూలీ, చంద్రముఖి బసు అను ఇద్దరు వనితలు కలకత్తా విశ్వవిద్యాలయమున బి. ఏ. పట్టము లందిరి. అప్పటికి ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలు తమ దేశపు స్త్రీలకే పట్టము లీయకుండెను. బడిలో సాటి పిల్లలకు దూరముగా కూర్చుండబెట్టబడిన అంబేద్కరు మహాశయుడు 1923లో లండన్ విశ్వవిద్యాలయమునుండియే డి. ఎస్సీ. పట్టము పొందెను. ఇది మేలు.

కీడును దాచనక్కరలేదు. బోధననుండి పరీక్షను విడదీయగా, పరీక్షయే చదువునకు యజమాని యయ్యెను. ‘మెట్రిక్ ప్యాసు’, ‘ఎఫ్. ఏ. తప్పినాడు’, ‘బి. ఏ. వరకు చదివినాడు’ అని మనుష్యులకు బిరుదులు తగిలించుట మన యూళ్లలో అలవాటయ్యెను. ఏమి నేర్చెనని అడుగువారు తగ్గి, ఏది ప్యాసయ్యెనని అడుగువారు పెరిగిరి. ఇంగ్లండువారు ఈ లోపమును గుర్తించి, 1898 శాసనముచే లండన్ విశ్వవిద్యాలయమును బోధనకూడ చేయు సంస్థగా మార్చుకొనిరి. మన దేశమునను 1904 శాసనమునుండి విశ్వవిద్యాలయములు బోధనకు పూనుకొనెను. హైదరాబాదున 1918లో ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. 1926లో బెజవాడ కేంద్రముగా ఆరంభమై, పిదప వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రథమ ఉపాధ్యక్షులైరి. అయినను పరీక్షాజ్వరము మనలను పూర్తిగా విడిచినదని చెప్పజాలము.

మన గ్రంథాలయ కర్తవ్యము

ఇప్పుడు మొదట మాట యిచ్చిన సంబంధమును మనవి చేసెదను. 1836 నాటి లండన్ విశ్వవిద్యాలయము బోధన లేని పరీక్ష. గ్రామ గ్రంథాలయము పరీక్ష లేని బోధన. విద్య యొక్క రెండు సగములలో ఒకదానిని వారు చేపట్టిరి. రెండవదానిని మనము చేపట్టితిమి. ఇచ్చట పుస్తకము పుచ్చుకొనువానిని ఏ పట్టము కలదని అడుగువారు లేరు. చదివి తిరిగి తెచ్చినవానికి మార్కులు వేయువారును లేరు.

మరియొక పోలిక. గోవరు వీథివారు నూరేసి పౌనుల వాటాలు వేసికొని విద్యాలయము కట్టిరి. మన తెలుగునాట 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినప్పుడును, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము రూపొందినప్పుడును, ఊరూర పఠన మందిరములు లేచినప్పుడును, ఆ పని ప్రభువుల ఆజ్ఞ కొరకు కనిపెట్టుకొని యుండలేదు. చందాదారులే రాజులు, చందాదారులే పోషకులు. కాంబెల్ కవి లేఖ వ్రాసిననాడు అతనియొద్ద భవనము లేదు, నిధి లేదు, చార్టరు లేదు. ఉన్నది ఇది అందరికి కావలెనను పట్టుదల యొక్కటే.

గ్రంథాలయ చందాదారులకు ఈ చరిత్ర చెప్పు హితవు ఒక్కటి. తలుపు తెరచుట ఒకనాటి పని. దానిని తెరచియుంచుట నిత్యము చేయవలసిన పని. మన గ్రంథాలయమున బల్లయెదుట కూర్చుండుటకు ఈనాటికిని సంకోచించువారు ఎవరైన కలరా? స్త్రీలు వచ్చి పుస్తకములు తీసికొనుటకు అనుకూలమగు వేళ కలదా? పొలమునుండి ప్రొద్దుక్రుంకిన పిదప వచ్చువానికి దీపము వెలుగుచుండునా? బడి మానిన పిల్లవానికి అర్థమగు పుస్తకము అలమారలో కలదా? ఈ ప్రశ్నలే మనకు పరీక్షా పత్రము. దీనికి ఉత్తీర్ణులు, అనుత్తీర్ణులు అని ప్రకటించు సభ ఏదియు లేదు. రాబోవు ఇరువదియైదేండ్లలో ఈ గడప త్రొక్కువారి సంఖ్యయే దానికి సమాధానము చెప్పగలదు.

ఇరువదియైదేండ్లు ఈ దీపమును ఆరనీయక కాపాడిన కార్యకర్తలకును, చందాదారులకును నమస్సులు. స్వర్ణోత్సవ సంచికను చదువువారిలో, నేడు ఇంకను ఈ గడపకు వెలుపల నిలిచియున్నవారి బిడ్డలు అనేకులుందురు గాక!